సైకిల్‌కి మోటారు కిట్ బిగించాక కోస్టర్ బ్రేక్ సంగతి: విప్పడం, గ్రీజు పెట్టడం, మళ్లీ కూర్చడం

"వెనక్కి తొక్కితే బ్రేకు సరిగ్గా పట్టడం లేదు. హబ్‌లో గ్రీజు ఎక్కువైందేమో, తుడిచేయమంటారా?"

సైకిల్‌కి మోటారు కిట్ బిగించుకున్నవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇది. తుడవకండి. చాలాసార్లు అసలు సంగతి దీనికి తలకిందులుగా ఉంటుంది. గ్రీజు ఎక్కువై కాదు, వేడికి మాడి ఎండిపోయి బ్రేకు చెడుతుంది. రిమ్ బ్రేకు మీద గ్రీజు పడితే ప్రమాదమని మనకు చిన్నప్పటి నుంచి తెలుసు కాబట్టి బ్రేకుకి గ్రీజు పెట్టడమంటే చేయి వెనకాడుతుంది. కోస్టర్ బ్రేకులో, అంటే వెనక్కి తొక్కితే వెనక చక్రం మధ్య ఉండే హబ్ లోపల పట్టే బ్రేకులో, మాత్రం ఇనుమూ ఇత్తడీ నేరుగా ఒరుసుకుంటాయి. మధ్యలో గ్రీజు లేకపోతే అది బ్రేకు కాదు, ఆకురాయి.

ఈ పద్ధతి పెడల్ చైన్ కుడివైపు, ఇంజన్ చైన్ ఎడమవైపు ఉండే పెట్రోల్ కిట్లకు పనికొస్తుంది. మోటారు వెనక హబ్‌లోనే ఉండే ఎలక్ట్రిక్ సైకిళ్లకు సాధారణంగా కోస్టర్ బ్రేకే ఉండదు కాబట్టి వాటి సంగతి వేరు.

1. లోపల ఏం జరుగుతుంది

విప్పే ముందు ఇది తెలిస్తే సగం పని తేలిక.

పెడల్ చైన్ పళ్లచక్రం కూర్చునే భాగాన్ని డ్రైవర్ అంటారు. దాని లోపలి కొసకు వెడల్పాటి మరలు ఉంటాయి. ఆ మరల మీద క్లచ్ కోన్ అనే శంకువు ముక్క ముందుకూ వెనక్కూ జరుగుతుంది. ముందుకు తొక్కితే కోన్ కుడివైపు జరిగి హబ్ గూడుకు (బయటి డొల్లకు) బిగుసుకుంటుంది, చక్రం తిరుగుతుంది. వెనక్కి తొక్కితే ఎడమవైపు జరిగి బ్రేక్ షూల కిందికి దూరి, వాటిని బయటికి నెట్టి గూడు లోపలి గోడకు అదుముతుంది. తొక్కడం ఆపితే రెంటికీ మధ్యలో ఖాళీగా ఉంటుంది.

కోన్ డ్రైవర్‌తో పాటే ఊరికే తిరగకుండా ఒక చిన్న స్ప్రింగు దాన్ని కాస్త పట్టి ఉంచుతుంది. ఆ పట్టు వల్లనే కోన్ మరల మీద జరుగుతుంది. స్ప్రింగు సడలితే ముందుకు తొక్కినా, వెనక్కి తొక్కినా పెడల్ జారుతుంది.

షూలు చక్రంతో పాటు తిరిగిపోకుండా ఆపేది ఎడమవైపు ఉండే ఆర్మ్ అనే ఇనుప పట్టీ. అది ఒక క్లిప్పుతో ఫ్రేము కింది గొట్టానికి బిగించి ఉంటుంది. బ్రేకు వేసిన ప్రతిసారీ ఆ బలమంతా ఆ చిన్న క్లిప్పు, దాని బోల్టు మోస్తాయి. ఈ ముక్క గుర్తుంచుకోండి, చివర్లో మళ్లీ అవసరపడుతుంది.

ఇక మోటారు వల్ల మారేవి రెండు.

మొదటిది వేడి. వేగం రెట్టింపైతే ఆపాల్సిన శక్తి నాలుగు రెట్లవుతుంది. తొక్కేటప్పుడు 20 కిలోమీటర్ల వేగంతో వెళ్లే సైకిల్ ఇంజన్‌తో 40లో వెళ్తే, హబ్ ప్రతి ఆపుకీ నాలుగు రెట్ల వేడి మింగాలి. మనిషి, సైకిల్, ఇంజన్ కలిపి 110 కిలోలు అనుకుందాం. 100 మీటర్ల ఎత్తు నుంచి బ్రేకు పట్టుకుంటూ దిగితే, గాలి అడ్డును పక్కన పెడితే, 40 వేగం నుంచి 16 సార్లు ఆపినంత వేడి ఆ పిడికెడు హబ్‌లో పుడుతుంది.

రెండోది చాలామంది గమనించరు. మామూలుగా తొక్కేటప్పుడు డ్రైవర్, గూడు కలిసి తిరుగుతాయి. వాటి మధ్య ఉన్న పెద్ద బేరింగుకి పని ఉండదు. ఇంజన్ నడుపుతుంటే పెడల్ నిలిచి ఉంటుంది, గూడు మాత్రం తిరుగుతూనే ఉంటుంది. అంటే కుడివైపు పెద్ద బేరింగు ప్రయాణం పొడవునా తిరుగుతుంది. మామూలు సైకిల్‌లో ఏళ్ల తరబడి పాడవని బేరింగు ఇక్కడ ముందు పోవచ్చు. విప్పినప్పుడు దాన్ని ప్రత్యేకంగా చూడాలి.

2. విప్పాలా వద్దా

ఇంజన్ ఆపి, క్లచ్ పట్టి ఉంచి, చక్రాన్ని నేల నుంచి లేపి చూడండి.

- చక్రాన్ని చేత్తో తిప్పితే గరగర వినిపిస్తోందా?
- రిమ్‌ని పట్టుకుని పక్కలకు ఊపితే టకటకమని ఆడుతోందా?
- చక్రాన్ని ముందుకు తిప్పితే పెడళ్లు కూడా వాటంతట అవే తిరుగుతున్నాయా? ఇరుసు మీద బేరింగును నొక్కి ఉంచే కోన్ (క్లచ్ కోన్ కాదు) బిగుతైనప్పుడో, గ్రీజు గట్టిపడి జిగురైనప్పుడో ఇలా అవుతుంది.
- పెడల్‌ని వెనక్కి తొక్కితే బ్రేకు పట్టేలోపు ఎంత దూరం పోతోంది? గడియారం మీద ఐదారు నిమిషాలంత దూరం ఫర్వాలేదు. పది నిమిషాలు దాటితే విప్పండి.
- బ్రేకు వేస్తే కీచుమంటోందా, ఒక్కసారిగా పట్టేస్తోందా?
- హబ్ రెండు కొసల నుంచి నల్లటి నూనె కారి స్పోకుల మీద చిమ్మిందా?

చివరి రెండూ ఉంటే వాయిదా వేయకండి. కారిన నల్ల నూనె అంటే గ్రీజు కరిగి బయటికి వచ్చేసిందని అర్థం. లోపల మిగిలేది తక్కువే.

3. సామాను

- ఇరుసు నట్లకు సరిపడే పానా. చాలా హబ్‌లకు 15 మిల్లీమీటర్లది.
- లాక్ నట్టుకు సరిపడే పానా, కోన్‌కు సరిపడే పలుచటి పానా
- స్క్రూడ్రైవర్, కటింగ్ ప్లయర్
- వైస్. లేకపోయినా పని జరుగుతుంది కానీ మూడో చేయి కావాల్సి వస్తుంది.
- కిరోసిన్, పాత టూత్‌బ్రష్, వెడల్పాటి గిన్నె, దారాలు ఊడని గుడ్డ
- కొత్త బేరింగు కేజీలు (బాల్స్‌ను పట్టి ఉంచే రేకు చట్రాలు). పాతవి పట్టుకెళ్లి, పోల్చి చూసి తెచ్చుకోండి.
- ఆర్మ్ క్లిప్పుకు కొత్త బోల్టు, నైలాన్ లాక్ నట్టు
- చేతి తొడుగులు, గ్రీజు

గ్రీజు దగ్గర పిసినారితనం వద్దు. సాదా కాల్షియం గ్రీజు 100 డిగ్రీల దగ్గరే కరిగి కారడం మొదలవుతుంది. సాధారణ లిథియం గ్రీజు 180, 190 దాకా నిలుస్తుంది. లిథియం కాంప్లెక్స్ గ్రీజు 250 దాటాకే కరుగుతుంది. కరిగే వేడికి చాలా కిందే గ్రీజు పల్చబడి చెడుతుంది కాబట్టి ఎంత ఎడం ఉంటే అంత మంచిది. డిస్క్ బ్రేకులున్న వాహనాల వీల్ బేరింగులకు వాడే ఎన్‌ఎల్‌జీఐ 2 (గ్రీజు చిక్కదనాన్ని చెప్పే అంకె) రకం గ్రీజు తీసుకోండి. కోస్టర్ హబ్‌ల కోసమే అమ్మే గ్రీజు దొరికితే ఇంకా మేలు.

వద్దే వద్దనేవి: తుప్పు వదిలించే స్ప్రేలు, కుట్టుమిషన్ నూనె, ఇంజన్ ఆయిల్, వంటనూనె. స్ప్రే కొట్టగానే కీచు ఆగుతుంది, నిజమే. మిగిలిన గ్రీజును కూడా కడిగేస్తుంది కాబట్టి వారంలో రెట్టింపు కీచుతో తిరిగొస్తుంది.

4. చక్రం తీయడం

మామూలు సైకిల్‌లా తలకిందులుగా పెట్టకండి. ట్యాంకు మూత నుంచి, కార్బురేటర్ నుంచి పెట్రోల్ కారుతుంది. స్టాండు మీద నిలబెట్టండి, లేదా వెనక భాగాన్ని తాడుతో పైకి కట్టండి.

1. ఇంజన్, హబ్ రెండూ పూర్తిగా చల్లారనివ్వండి.
2. పెట్రోల్ కుళాయి కట్టేసి స్పార్క్ ప్లగ్ క్యాప్ పీకేయండి. క్లచ్ వదిలి ఉండగా చక్రం తిప్పితే ఇంజన్ ఒక్క దెబ్బ కొట్టినా చైన్‌లో ఉన్న వేలు దక్కదు.
3. ఆర్మ్, క్లిప్పు, వాషర్లు, చైన్ అడ్జస్టర్లు ఏవి ఏ వరసలో ఉన్నాయో రెండువైపులా ఫోటోలు తీసుకోండి.
4. ఇరుసు ఫ్రేములో ఎక్కడ కూర్చుందో మార్కర్‌తో గీత పెట్టండి.
5. ఇంజన్ చైన్ లాక్ తీసి చైన్ విప్పండి.
6. ఆర్మ్ క్లిప్పు బోల్టు తీయండి. దీన్ని మరిచి చక్రం లాగితే ఆర్మ్ వంగుతుంది.
7. ఇరుసు నట్లు వదులు చేసి, చక్రాన్ని ముందుకు జరిపి పెడల్ చైన్ దించి, బయటికి తీయండి.

స్పోకులకు రబ్బరు బిళ్లలతో బిగించిన ఇంజన్ పళ్లచక్రాన్ని ఈ పని కోసం తీయక్కర్లేదు. ఆర్మ్ దాని మధ్య రంధ్రంలోంచి బయటికి వస్తుందో లేదో మాత్రం చూసుకోండి.

5. హబ్ విప్పడం

హబ్‌లలో రెండు బాణీలు ఉన్నాయి. కొన్నింట్లో సర్దుబాటు ఆర్మ్ వైపు ఉంటుంది, కొన్నింట్లో పెడల్ పళ్లచక్రం వైపు. ఆర్మ్ వైపు లాక్ నట్టు మాత్రమే కనిపించి, కుడివైపు ఇరుసు కొస చదునుగానో చతురస్రంగానో చెక్కి ఉంటే సాధారణంగా మొదటి రకం. కుడివైపు విడిగా కోన్, దాని మీద లాక్ నట్టు ఉంటే రెండోది.

ఆర్మ్ వైపు విప్పే రకానికి:

1. పెడల్ పళ్లచక్రం కిందికి ఉండేలా ఇరుసు కొసను వైస్‌లో పట్టండి. మరలు నలగకుండా మధ్యలో రాగి రేకో చెక్కో పెట్టండి.
2. లాక్ నట్టు విప్పి ఆర్మ్ పైకి తీయండి.
3. ఆర్మ్ వైపు కోన్‌ను మరలు విప్పి తీయండి. దాని కింద బేరింగు కేజీ ఉంటుంది.
4. షూలను పైకి తీసి, క్లచ్ కోన్‌ను స్ప్రింగుతో సహా తిప్పుతూ బయటికి తీయండి. షూలు ఒక్కసారిగా జారి పడతాయి, కింద గుడ్డ పరచండి.
5. చక్రాన్ని నిదానంగా నిటారుగా పైకి ఎత్తి, మిగిలిన పెద్ద బేరింగు, డ్రైవర్ వరుసగా తీయండి.

పళ్లచక్రం వైపు విప్పే రకంలో ఆర్మ్ కిందికి పెట్టి మొదలుపెట్టాలి. కోన్ తీశాక డ్రైవర్‌ను లాగకండి. కుడివైపు నుంచి చూస్తూ గడియారానికి ఎదురుగా తిప్పితే మరల మీద నుంచి అదే బయటికి వస్తుంది.

తీసిన ప్రతి ముక్కనూ పాత పేపరు మీద ఎడమ నుంచి కుడికి, తీసిన వరసలోనే పెట్టుకుంటూ పోండి. బేరింగు కేజీ ఏ ముఖం బయటికి ఉందో పక్కనే బాణం గీయండి. ఈ బాణం గీయక నేను ఒకసారి కేజీని తిరగేసి పెట్టాను. చక్రం బాగానే తిరిగింది. రెండో రోజు విప్పితే కేజీ రేకు కోన్‌కి ఒరుసుకుని నలిగి, బాల్స్ గూట్లో దొర్లుతూ కనిపించాయి.

6. కడగడం

ఎక్కువ దూరం నడిపిన హబ్ తెరిస్తే లోపల గ్రీజు కనిపించదు. గోడకు అంటుకుపోయిన నల్లటి బెరడు కనిపిస్తుంది. గోరుతో గీకితే పెచ్చుగా ఊడుతుంది, మాడిన నూనె వాసన వస్తుంది. దాని మీదే కొత్త గ్రీజు పూస్తే కొత్తదీ చెడుతుంది. మొత్తం పోవాలి.

ముక్కలన్నిటినీ కిరోసిన్‌లో ఓ అరగంట నాననిచ్చి బ్రష్‌తో రుద్దండి. గూడు లోపల గుడ్డతో తుడవండి. షూల మీద గాళ్లుంటే వాటిలో పేరుకున్న పొడిని పుల్లతో తీయండి, క్లచ్ కోన్ మరల మూలల్లో కూడా.

పెట్రోల్‌తో కడగకండి. త్వరగా శుభ్రమవుతుంది, ఆవిరి అంతే త్వరగా అంటుకుంటుంది. కిరోసిన్ స్పోకుల మీదుగా పళ్లచక్రం రబ్బరు బిళ్లల మీదికి పోకుండా చూడండి. నూనె తగిలిన రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది, బోల్టులు వదులవుతాయి.

పూర్తిగా ఆరాకే గ్రీజు. తడి కిరోసిన్ మీద పూసిన గ్రీజు పల్చబడి మొదటి వేడికే కారిపోతుంది.

7. వెలుతురులో పరీక్ష

తొందర పడకూడని చోటు ఇదే.

- బాల్స్: ఒక్కదాని మీద మచ్చ ఉన్నా కేజీ మొత్తం మార్చండి. డ్రైవర్‌కీ గూడుకీ మధ్యది, పైన చెప్పిన కారణం వల్ల, అనుమానం వచ్చినా మార్చేయండి.
- బాల్స్ దొర్లే దారి: గోరుతో తడిమితే గుంటలు తగులుతున్నాయా? గుంట పడిన కోన్‌కి కొత్త బాల్స్ వేసినా ఉపయోగం లేదు.
- షూలు: అంచులు కత్తిలా పదునెక్కితే సన్నటి ఆకురాయితో ఆ పదును మాత్రం తీయండి. గాళ్లు పూర్తిగా అరిగి నున్నగా అయితే మార్చండి.
- గూడు లోపలి గోడ: గీతలు లోతుగా పడ్డాయా? నీలం రంగు తిరిగిందా? నీలం కనిపిస్తే ఇనుము బాగా కాలిందని అర్థం. ఆ హబ్‌ను ఇంజన్ వేగానికి ఇక నమ్మకండి.
- స్ప్రింగు: వేలితో తిప్పితే పట్టు తెలియాలి. వదులుగా జారిపోతే మార్చాలి. వంచి సరిచేసిన స్ప్రింగు ఎన్నాళ్లో నిలవదు.
- క్లచ్ కోన్ పళ్లు, మరలు: మూలలు గుండ్రంగా అరిగితే తొక్కినప్పుడు జారుతుంది.
- ఇరుసు: గాజు పలక మీద దొర్లించండి. వంకర ఉంటే వెంటనే తెలుస్తుంది.
- ఆర్మ్: కోన్‌ను పట్టుకునే రంధ్రం సాగి గుండ్రంగా అయిందా?

కొన్ని హబ్‌లకు షూలు దొరకడం కష్టం, హబ్ మొత్తం కొనడమే తేలిక. అప్పుడు పాత హబ్‌ను పారేయకండి. ఇరుసు, కోన్లు, కేజీలు విడిభాగాలుగా పనికొస్తాయి.

8. గ్రీజు ఎక్కడ, ఎంత

అంతటికీ ఒకే మోతాదు పనికిరాదు.

బేరింగు కేజీలు: అరచేతిలో గ్రీజు ముద్ద పెట్టుకుని కేజీ అంచును దానిలోకి నొక్కుతూ పోండి. అవతలి వైపు నుంచి గ్రీజు పురుగుల్లా బయటికి రావాలి. పైపైన పూస్తే బాల్స్ మధ్య గాలి మిగిలిపోతుంది.

బ్రేక్ షూలు: బయటి ముఖం మీద, లోపలి వాలు మీద రెండువైపులా నిండుగా పూయండి. గాళ్లు నింపండి. ఇక్కడే చేయి వెనకాడుతుందని మొదట చెప్పాను. బ్రేకు వేసినప్పుడు షూ ఒత్తిడికి ఎక్కువ గ్రీజు గాళ్లలోకి తప్పుకుంటుంది, పల్చటి పొర మాత్రం మిగులుతుంది. ఆ పొర ఉంటే బ్రేకు మెత్తగా, కొద్దికొద్దిగా పట్టుకుంటుంది. మొదటిసారి చేసినప్పుడు నేను షూలను గుడ్డతో పొడిగా తుడిచి పెట్టాను, గట్టిగా పడుతుందని. పట్టింది కూడా. మొదటి మలుపులోనే వెనక చక్రం బిగుసుకుపోయి సైకిల్ అడ్డంగా జారింది.

గూడు లోపలి గోడ: చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్ల మందం పూత. గూడును గ్రీజుతో నింపేయకండి. ఎక్కువైనది వేడికి కారి రబ్బరు బిళ్లల మీద, రిమ్ మీద పడుతుంది.

డ్రైవర్ మరలు: పల్చటి పూత, అన్ని వైపులా. ఇవి ఎండితే కోన్ వెనక్కి రాక బ్రేకు పట్టినది పట్టినట్టే ఉండిపోతుంది.

క్లచ్ కోన్ వాలు ముఖం, స్ప్రింగు: వేలితో పూసి తుడిచినంత చాలు. ఇక్కడ గ్రీజు దట్టమైతే కోన్ గూడును పట్టక ముందుకు తొక్కినప్పుడు జారుతుంది.

పాత గ్రీజు రకం తెలియకపోతే దానితో కొత్తది కలపకండి. రెండు రకాలు కలిస్తే ఒక్కోసారి పెరుగు విరిగినట్టు విడిపోతాయి.

9. తిరిగి కూర్చడం

విప్పిన వరసకు వెనక్కి వెళ్లడమే. ఆర్మ్ వైపు విప్పే రకంలో వరస ఇలా ఉంటుంది:

1. ఇరుసు, కుడి కోన్, దాని మీద చిన్న బేరింగు
2. డ్రైవర్
3. డ్రైవర్ మీద పెద్ద బేరింగు
4. చక్రం గూడు. పై నుంచి దింపి, ఒక్కసారి తిప్పి చూడండి.
5. స్ప్రింగుతో సహా క్లచ్ కోన్. డ్రైవర్ మరల మీదికి తిప్పుతూ దించాలి.
6. షూలు
7. ఎడమ పెద్ద బేరింగు
8. ఆర్మ్ వైపు కోన్. షూల కొసలు దాని గాళ్లలో కూర్చోవాలి.
9. ఆర్మ్, లాక్ నట్టు

చిక్కంతా ఆరు, ఎనిమిది దగ్గరే. షూలు వాటి చోట నిలవవు, పక్కకు పడుతుంటాయి. గ్రీజునే జిగురుగా వాడుకోండి. షూ వెనక కాస్త దట్టంగా పూసి గూడు గోడకు అంటించండి, అలాగే నిలుస్తుంది. కోన్ దించేటప్పుడు మరీ ఎత్తుగా నిలిస్తే బలం పెట్టకండి. షూ కొస గాడిలో పడలేదన్నమాట. కోన్‌ను కొంచెం అటూ ఇటూ తిప్పండి. పడినప్పుడు టక్కున కిందికి దిగుతుంది, చేతికే తెలుస్తుంది.

లాక్ నట్టు బిగించక ముందే డ్రైవర్‌ను చేత్తో ముందుకూ వెనక్కూ తిప్పండి. ముందుకు తిప్పితే గూడు వెంట రావాలి, వెనక్కి తిప్పితే ఆగాలి. రెండూ జరగకపోతే స్ప్రింగు తప్పు చోట కూర్చుంది. మళ్లీ తీయక తప్పదు.

10. బిగువు సర్దడం

కోన్‌ను చేత్తో బిగించి పావు చుట్టు వెనక్కి తిప్పండి. లాక్ నట్టు బిగించేటప్పుడు కోన్ కాస్త ముందుకు జరుగుతుంది కాబట్టి మొదట కొంచెం వదులుగా ఉంచడమే మేలు. ఆర్మ్ వైపు సర్దుబాటు ఉన్న రకంలో లాక్ నట్టు వదులు చేసి, ఆర్మ్‌ను కదలకుండా పట్టుకుని, ఇరుసు కొసను పానాతో తిప్పి సర్దవచ్చు.

సరైన బిగువుకు గుర్తులు:

- రిమ్ దగ్గర పక్కలకు ఊపితే ప్లే ఉందీ లేనట్టు తెలియాలి.
- చక్రాన్ని మెల్లగా తిప్పి వదిలితే ఎక్కడా పట్టకుండా, బరువైన వైపు కిందికి ఊగి నిలవాలి.
- చక్రం ముందుకు తిరుగుతుంటే పెడళ్లు కదలకూడదు.

ఫ్రేములో బిగించి, ఇరుసు నట్లు వేశాక ఇవే మూడూ మళ్లీ చూడండి. నట్లు బిగించడం వల్ల బిగువు కొద్దిగా మారవచ్చు.

11. ఆర్మ్, చైన్లు

కిట్ బిగించినవాళ్లు ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే. ఎడమవైపు ఇంజన్ పళ్లచక్రం, ఇంజన్ చైన్, ఆర్మ్ మూడూ ఒకే సందులో ఇరుక్కుంటాయి. చోటు చాలక కొందరు ఆర్మ్‌ను వైర్‌తో కడతారు, ప్లాస్టిక్ టైతో బిగిస్తారు, ఇంకొందరు ఊరికే వదిలేస్తారు. ఆర్మ్ ఊడితే బ్రేకు వేసిన క్షణంలో అది ఇరుసుతో పాటు తిరుగుతుంది. బ్రేకు పోతుంది, స్పోకుల్లో ఇరుక్కుంటే చక్రమే ఆగిపోతుంది.

ఆర్మ్ పళ్లచక్రానికి తగులుతుంటే హబ్ నుంచి తీసి, వైస్‌లో పెట్టి బయటివైపు కొద్దిగా వంచండి. హబ్ మీద ఉండగా వంచితే ఆ బలం కోన్ మీద, ఇరుసు మీద పడుతుంది. వంచాక దాని కొస ఫ్రేము గొట్టం పక్కన తనంతట తాను వచ్చి ఆగాలి. లాగి పట్టి బిగించాల్సి వస్తే ఇంకా సరిగ్గా వంగలేదు. అలా లాగి బిగిస్తే కోన్ ఒకవైపు ఒరిగి కొత్త బేరింగు నెల కూడా నిలవదు.

- ఆర్మ్ క్లిప్పు గొట్టం సైజుకు సరిపోయేదేనా? నైలాన్ లాక్ నట్టు వేశారా?
- ఆర్మ్‌కీ, ఇంజన్ చైన్‌కీ మధ్య చుట్టూ వేలు మందం ఖాళీ ఉందా?
- పెడల్ చైన్ మధ్యలో నొక్కితే సుమారు 12 మిల్లీమీటర్లు కదులుతోందా? చైన్ మరీ వదులైతే జారి ఊడుతుంది. ఊడిన చైన్‌తో కోస్టర్ బ్రేకు అస్సలు పనిచేయదు.
- ఇంజన్ చైన్ లాక్ క్లిప్పు మూసిన కొస చైన్ కదిలే దిక్కుకు ఉందా?
- చక్రం ఫ్రేము మధ్యలోనే ఉందా? పళ్లచక్రం వంకరగా ఊగడం లేదుగా?

పళ్లచక్రం కోసం ఎడమవైపు దుమ్ము మూతను కోసేసినవాళ్లు ఉంటారు. ఆ పని అయిపోయిందంటే ఇక చేసేదేమీ లేదు, గ్రీజు మాత్రం తరచూ మార్చుకోవాలి.

12. మొదటి ప్రయాణం

ఇంజన్ స్టార్ట్ చేయకుండానే మొదలుపెట్టండి.

1. సైకిల్ పక్కన నడుస్తూ పెడల్‌ను చేత్తో వెనక్కి నొక్కి చూడండి.
2. తొక్కుతూ, మెల్లగా పది పదిహేను సార్లు ఆపండి. షూలు గ్రీజును సర్దుకునేదాకా బ్రేకు కొంచెం మెత్తగా ఉంటుంది.
3. ఇంజన్ మీద తక్కువ వేగంతో ఓ రెండు కిలోమీటర్లు వెళ్లండి. దారిలో బ్రేకు తక్కువగా వాడి, ఆగాక హబ్ దగ్గర చేయి పెట్టండి, వెంటనే ముట్టుకోకండి. బ్రేకు వాడకుండానే వేడెక్కితే లోపల ఏదో ఒరుసుకుంటోంది.
4. ఆర్మ్ బోల్టు, ఇరుసు నట్లు, లాక్ నట్టు మళ్లీ బిగించి చూడండి.
5. ఓ 50 కిలోమీటర్లయ్యాక ఇంకోసారి.

నడిపేటప్పుడు ఒక అలవాటు మార్చుకోవాలి. ఇంజన్ లాగుతుంటే పాదాలు పెడళ్ల మీద ఊరికే ఉంటాయి. వెనక పాదం బరువు తెలియకుండానే పెడల్‌ను వెనక్కి నొక్కుతుంది. బ్రేకు కొద్దిగా పట్టి, ఇంజన్ దాన్ని ఈడ్చుకుంటూ పోతుంది. పది కిలోమీటర్లలో గ్రీజు మాడిపోవడానికి అది చాలు. "మొన్ననే గ్రీజు పెట్టాను, మళ్లీ కీచుమంటోంది" అనేవాళ్లను ముందు పాదాలెలా పెడతారని అడుగుతాను. రెండు పెడళ్లూ సమంగా, నేలకు సమాంతరంగా ఉంచి, బరువును ముందు పాదం మీదికి కాస్త మొగ్గించండి. పెడళ్లు నిలువుగా ఉంటే బ్రేకు వేయడానికి బలం చాలదు, అందుకూ ఈ పద్ధతే మంచిది.

పొడవైన దిగుడులో యాక్సిలరేటర్ వదిలి క్లచ్ పట్టకుండా ఉంటే ఇంజనే కొంత ఆపుతుంది. టూ స్ట్రోక్ ఇంజన్‌కి నూనె పెట్రోల్‌తోనే అందుతుంది కాబట్టి మధ్య మధ్య ఓసారి యాక్సిలరేటర్ తిప్పండి. పూర్తిగా ఆపేటప్పుడు క్లచ్ పట్టండి, లేకపోతే ఇంజన్‌తో బ్రేకు కుస్తీ పడుతుంది. ముందు చక్రానికి మంచి బ్రేకు లేకుండా మాత్రం ఇంజన్ కిట్ నడపకండి. పెడల్ చైన్ ఊడిన రోజు మీ దగ్గర మిగిలేది అదొక్కటే.

13. తేడా వస్తే

పెడల్ వెనక్కి ఊరికే తిరుగుతోంది, బ్రేకు లేదు: ముందు చైన్ చూడండి. అది సరిగ్గా ఉంటే స్ప్రింగు విరిగింది లేదా తప్పు చోట కూర్చుంది.

ముందుకు తొక్కితే జారుతోంది: క్లచ్ కోన్ వాలు మీద గ్రీజు దట్టమైంది, లేదా స్ప్రింగు సడలింది. పాత గ్రీజు జిగురైనా ఇదే లక్షణం.

బ్రేకు వదలడం లేదు: డ్రైవర్ మరలు ఎండాయి, షూ అంచు పదునెక్కింది, లేదా ఆర్మ్ లాగి బిగించారు. మూడోది విప్పకుండానే సరిచేయవచ్చు కాబట్టి దానితోనే మొదలుపెట్టండి.

గ్రీజు పెట్టాక బ్రేకు బలం తగ్గింది: మొదటి రోజు సహజం. 50 కిలోమీటర్లయ్యాక కూడా అలాగే ఉంటే షూలు అరిగిపోయాయి. గ్రీజు తగ్గించి ప్రయోజనం లేదు.

బ్రేకు వేసినప్పుడల్లా టక్‌మని ఒక చప్పుడు: ఆర్మ్ క్లిప్పు వదులు. వెంటనే ఆపి బిగించండి.

పొగ: దిగి, హబ్‌ను దానంతట అది చల్లారనివ్వండి. నీళ్లు పోయకండి, కాలిన ఇనుము పగలవచ్చు, నీళ్లు బేరింగుల్లోకి పోతాయి. ఇంటికి ముందు బ్రేకుతో, మెల్లగా తొక్కుతూ వెళ్లండి. ఆ హబ్‌ను విప్పి చూడకుండా మళ్లీ ఇంజన్ మీద నడపకండి.

14. ఎప్పుడెప్పుడు

ఇన్ని కిలోమీటర్లకు అని ఒక లెక్క చెప్పడం కష్టం. చదునైన రోడ్డు మీద నడిపే హబ్‌కీ, కొండ దిగే హబ్‌కీ పోలిక లేదు. నేను పాటించేది ఇది:

- ప్రతిసారీ బయలుదేరే ముందు: ఆర్మ్ బోల్టు, ఇరుసు నట్లు, పెడల్ చైన్. అర నిమిషం పని.
- వారానికోసారి: రెండో భాగంలో చెప్పిన పరీక్షలు.
- ఏడాదికి రెండుసార్లు, వానల ముందూ తర్వాతా: హబ్ విప్పి కడిగి కొత్త గ్రీజు.
- హబ్ నీళ్లలో మునిగినా, పొగ వచ్చినా, నల్ల నూనె కారినా: ఆ వారమే.

విప్పిన ప్రతిసారీ తేదీ, పెడల్ ఎంత వెనక్కి పోయాక బ్రేకు పట్టిందో ఒక చీటీ మీద రాసి టూల్ బ్యాగ్‌లో పడేయండి. మూడో చీటీకల్లా మీ షూలు ఎంత త్వరగా అరుగుతున్నాయో తెలిసిపోతుంది, కొత్త షూలు ఎప్పుడు తెచ్చుకోవాలో కూడా.